వెనక మనిషిని వెనక్కి పంపిన రోజు

మొన్న డిసెంబరులో మా బందరు కుర్రకారు కొంతమంది ట్రెక్కింగు క్లబ్బు ఒకటి పెట్టుకుని, నన్ను పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. శాలువా వద్దన్నాను, మైకు వద్దన్నాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీ గ్రౌండులో అరిచిన గొంతుకి మైకెందుకు? బూట్ల గురించి, బ్యాగు బరువు గురించి, వానలో సాక్సులు ఆరబెట్టుకోవడం గురించి చెప్పి, చివర్లో, "అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. వరసలో అందరికన్నా వెనక నడిచే మనిషిని ఎప్పుడూ వెనక్కి పంపకండి" అన్నాను. ముందు కుర్చీలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మీరెప్పుడైనా పంపారా సార్?"

"లేదమ్మా" అన్నాను.

చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి వడ్డించుకున్న అన్నం అలాగే మూతపెట్టేశాను. పాపం ఆ పిల్ల ఏమీ ఎరగక అడిగింది. నేను మాత్రం అన్నీ ఎరిగే అబద్ధం చెప్పాను. ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇది.

నేను బందరులో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అందరూ పీడీ గారనేవాళ్ళు. సొంతూరు గుడివాడ పక్కన. మా వైపు నేల సంగతి మీకు తెలిసిందే. నీళ్ళు పోస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడి ఆలోచిస్తాయి. మా పిల్లలకి ఎత్తంటే కృష్ణ కరకట్ట, లేదంటే కాలేజీ వాటర్ ట్యాంకు. రాయి మీద కాలు పెట్టడం కూడా తెలియదు, అందరివీ నల్లమట్టిలో దిగబడి పెరిగిన కాళ్ళే. అలాంటి పిల్లల్ని ఏడాదికి రెండు మూడు సార్లు కొండలెక్కించే పిచ్చి నాకు పట్టింది. కుర్రతనంలో ఎన్‌సీసీ క్యాంపుకని హిమాలయాల వైపు వెళ్ళి, తెల్లారుతుండగా మంచు కొండ చూసి, నోరు తెరిచి నిలబడిపోయాను. ఆ నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు. ప్రతి సెలవుల్లోనూ ఊళ్ళో లేని మనిషికి పిల్లనెవరిస్తారు? పెళ్ళి కూడా అలాగే దాటిపోయింది.

మే నెలలో హిమాలయాలు. గుడివాడ ఎండలో రైలెక్కిన పిల్లలు మూడో రోజుకి మంచు మీద నిలబడి ఏడ్చేవాళ్ళు, చలికో సంతోషానికో వాళ్ళకే తెలిసేది కాదు. పొద్దున గట్టిగా ఉండే మంచు మధ్యాహ్నానికి మెత్తబడి మోకాలి దాకా దిగబడేది. తెల్లారకముందే దాటెయ్యాలని మొదటి ఏడు దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాం. ఆవకాయ సీసాలో నూనె గడ్డకట్టి స్పూను దిగేది కాదు. డిసెంబరులో మన్యం కొండలు. వలిసె పూలతో ఏటవాలు పొలాలన్నీ పసుపుపచ్చగా ఉండేవి, పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునేది. శ్రావణంలో ఎప్పుడన్నా ఒక్క రోజు నడక పెడితే జలగలు. సాక్సుల్లో ఉప్పు పోసుకున్నా ఎక్కేవి. కాలాన్ని బట్టి ఒకటే బాట నాలుగు రకాల బాటయ్యేది. కొండ నాకు నేర్పినవాటిలో సగం నా గర్వం తగ్గించడానికే నేర్పింది, మిగతా సగం నేను నేర్చుకోలేదు.

ఇన్నేళ్ళూ నాతో వచ్చినవాడు మా కాలేజీ అటెండరు. దివిసీమ మనిషి. వాళ్ళ నాన్న కాలవ లస్కరు, అంటే లాకుల దగ్గర తలుపులెత్తి దించి నీళ్ళు వదిలే ఉద్యోగి. కాలవ గట్టు మీద ఇంట్లో పుట్టి, కాలవలో ఈత నేర్చి, కాలవ వెంట నడిచి బడికెళ్ళినవాడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. ఆదివారం చర్చికి తప్ప ఇస్త్రీ చొక్కా వేసేవాడు కాదు. కొండల్లో వంట వాడిదే, వరసలో చివరి చోటు కూడా వాడిదే. ఆ చోటుకి మేం పెట్టుకున్న పేరు వెనక మనిషి.

మా పద్ధతి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ముందు నేను, దారి చూపించే ఆ ఊరి మనిషి నడిచేవాళ్ళం. దారి చీలే చోటల్లా కొమ్మకి ఎర్ర గుడ్డ పేలిక కట్టేవాణ్ణి. పెడనలో మా వాడి బావమరిది ఒక కలంకారీ షెడ్డులో అద్దకం పని చేసేవాడు. అచ్చు చెడిపోయిన గుడ్డలు సంచినిండా పంపేవాడు. ఎంత వానలో తడిసినా ఆ ఎరుపు దిగేది కాదు. పిల్లలు ఆ పేలికలు చూసుకుంటూ వచ్చేవాళ్ళు. అందరూ దాటాక వెనక మనిషి వాటిని విప్పి జేబులో వేసుకునేవాడు. కొండ మీద మన చెత్త వదలకూడదని నా పట్టుదల. ప్రతి గంటకీ నేను ముందు నుంచి మూడు విజిళ్ళు ఊదితే, వాడు వెనక నుంచి ఒక్క పొడుగు విజిలు ఊదేవాడు. అందరూ ముందున్నారు, నా వెనక ఎవరూ లేరు, అని దానర్థం.

పద్దెనిమిదేళ్ళు కలిసి నడిచాం గాని పక్కపక్కన ఒక్క రోజూ నడవలేదు. మధ్యలో ఎప్పుడూ ఇరవై మంది పిల్లలు, ఒక కిలోమీటరు దూరం. సాయంత్రం గుడారాలు వేశాక స్టవ్ దగ్గర కూర్చుని, రెండు గ్లాసుల్లో టీ పోసి, నాది నాకిచ్చి, ఆ రోజు ఎవరు ఏడ్చారో ఎవరు బూటు దాచుకున్నారో చెప్పేవాడు. నాకున్న స్నేహితుడు వాడొక్కడే అని అప్పుడు నాకు తోచలేదు. అటెండరు కదా, స్నేహితుడనే మాట నోటికి రాలేదు.

ప్రతి ట్రెక్కుకీ ముందు మోపిదేవి దగ్గర బస్సు దిగి కరకట్ట మీద ట్రైనింగు. బ్యాగుల్లో తడి ఇసక నింపి, నాగాయలంక వైపు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిపించేవాణ్ణి. ఒక డిసెంబరులో పొగమంచుకి ఇద్దరు పిల్లలు కట్ట దిగి పొలాల్లో పడ్డారు. కుప్పలేసిన చేలల్లో మూడు గంటలు తిరిగి, ఏడుపు మొహాలతో దొరికారు. అప్పుడన్నాను నేను, "ఏరా, కృష్ణాజిల్లాలో పుట్టి దారి తప్పుతారట్రా? కాలవ పట్టుకుని నడవండి. కాలవ వెంట వెళ్తే ఊరొస్తుంది!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట అక్కడి నుంచి మా ట్రైనింగులో పాటయిపోయింది. నేను "దారి తప్పితే?" అనేవాణ్ణి, పిల్లలు "కాలవ వెంట!" అని అరిచేవాళ్ళు, వెనక నుంచి మా వాడు అందరికన్నా గట్టిగా అరిచేవాడు. కొండల్లో మాత్రం పద్ధతి వేరు. దారి తప్పినవాడు ఉన్నచోటే నిలబడి విజిలు ఊదాలి. అది కూడా చెప్పేవాణ్ణి, కాగితం చూసి, నవ్వకుండా, ఒక్కసారి. నవ్వుతూ చెప్పింది గుర్తుంటుందా, కాగితం చూసి చదివింది గుర్తుంటుందా, మీరే చెప్పండి.

ఆ ఏడు దసరా సెలవులు. వానలు వెనక్కి పోయి ఉంటాయని లెక్కవేసి మన్యం బయల్దేరాం. కొండకి మన క్యాలెండరు తెలియదు. ఇరవై రెండు మంది పిల్లలు, నేను, మా వాడు, దారి చూపించడానికి కింది ఊరి పెద్దాయన ఒకాయన. రెండో రోజు ఒక గట్టు దాటి అవతల ఊళ్ళోకి దిగాలి. మధ్యాహ్నం పైన పెద్ద బండ మీద పులిహోర తిన్నాం. పక్కన సన్నటి ఊట దగ్గర మా వాడు గిన్నెలు తోమాడు. ఆకాశం తేటగా ఉంది. ముప్పావు గంట నడిచాక దిగుడు మొదలైంది. ఒకచోట పాకుడు పట్టిన బండ, ఒక ఇంటి ఎత్తుంటుంది, ఏటవాలుగా ఉంది. పిల్లలు పట్టుకోవడానికి తాడు కడదామనుకున్నాను, తాడు మోసేది మా వాడే. వరసంతా ఆగింది. వెనక నుంచి మా వాడు వచ్చాడు, ఉత్త చేతులతో.

"తాడేదోయ్?"

వాడి మొహం పాలిపోయింది. "గిన్నెలు తోమిన దగ్గర పెట్టానండి. మర్చిపోయానండి."

నాకు కోపం జాస్తి. మా తాతగారు నాట్ల రోజుల్లో గట్టు మీద నిలబడి కూలీల మీద వేసే కేక ఒకటుంది, అది నాకు ఆస్తితోపాటు వచ్చింది. ఆస్తి పోయింది, కేక మిగిలింది. ఇరవై రెండు మంది పిల్లల ముందు ఆ కేక వాడి మీద వేశాను. బుర్ర ఎక్కడ పెట్టుకున్నావన్నాను. ఇన్నేళ్ళు తిరిగి నేర్చుకున్నది ఇదేనా అన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయలేను.

పెద్దాయన చిన్నగా అన్నాడు, "తాడు లేకపోయినా నేను దింపుతాను బాబూ. సెయ్యి సెయ్యి పట్టుకుంటే సాలు. మబ్బు దిగిపోతంది సూడండి."

"తాడు లేకుండా ఒక్కళ్ళూ దిగడానికి వీల్లేదు" అన్నాను. మా వాడి వైపు తిరిగి, "వెళ్ళి తీసుకురా" అన్నాను.

బీఎస్సీ చదివే పిల్ల ఒకత్తి, "నేనూ వెళ్తాను సార్ ఆయనతో. ఒక్కళ్ళే వెళ్ళకూడదన్నారు కదా మీరు" అంది.

"నిన్నెవరడిగారు? ఎవరూ కదలొద్దు."

"అలాగేనండి" అన్నాడు మా వాడు. ఆ పిల్లని చూసి పర్లేదమ్మా అన్నట్టు నవ్వి, వెనక్కి తిరిగి చెట్ల మధ్యకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆలోచించండి. పొద్దుటి నుంచీ నేను కట్టిన పేలికలన్నీ ఎక్కడున్నాయి? వాడి జేబులో ఉన్నాయి. వెనక మనిషి దాటాక దారిలో గుర్తులు మిగలవు. ఆ పద్ధతి పెట్టింది నేను. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క పేలిక వదలకుండా విప్పినవాడు వాడు. వాణ్ణి పంపేటప్పుడు ఈ సంగతి నా బుర్రకి తట్టలేదు. బుర్ర ఎక్కడ పెట్టుకున్నావని అడిగింది నేనే కదా.

అరగంటలో మబ్బు దిగింది. పక్కనున్న పిల్ల మొహం మసకైంది. ఆ తర్వాత వాన. మూడు విజిళ్ళు ఊదాను, మళ్ళీ ఊదాను. కొండలో వాన చప్పుడు అన్ని వైపుల నుంచీ వస్తుంది, అందులో విజిలు ఎంత దూరం పోతుంది? పెదవులు పగిలేదాకా ఊదాను. పొడుగు విజిలు రాలేదు. గంట దాటాక పిల్లలు వణకడం మొదలుపెట్టారు. పెద్దాయన నా మొహం కూడా చూడకుండా బండ మీద అడ్డంగా నిలబడి, ఒక్కొక్కరి చెయ్యి పట్టి కిందికి అందించాడు. ఇరవై రెండు మంది పావుగంటలో దిగిపోయారు. తాడు అక్కర్లేకపోయింది.

పిల్లల్ని అవతల ఊరికి చేర్చడం తప్పనిసరి. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. పెద్దాయన ఆ ఊరివాళ్ళని ఇద్దరిని తీసుకుని వెంటనే పైకి వెళ్ళాడు, నేనూ వస్తానంటే పిల్లల దగ్గరుండమన్నాడు. చీకటి పడేవేళకి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ రాత్రి గురించి చెప్పడానికేమీ లేదు, వాన కురుస్తూనే ఉంది.

తెల్లారగానే బయల్దేరాం. పులిహోర తిన్న బండ దగ్గర తాడు లేదు. అంటే వాడు అక్కడి దాకా వచ్చాడు, తాడు తీసుకున్నాడు, తిరిగొచ్చేటప్పుడు తప్పాడు. పెద్దాయన ఆ చుట్టుపక్కల వంగి వంగి చూసి, ఊట కిందకి జారే చోట ఆగిపోయాడు. నన్ను పిలిచాడు. ఒక కొమ్మకి ఎర్ర పేలిక కట్టి ఉంది.

"ఇది మీరు కట్టిందేనా బాబూ?"

నేను కట్టింది కాదు. ముడి నాది కాదు. పడవ తాళ్ళకి వేసే ముడి, మా వాడిది. ఇంకాస్త కింద ఇంకో పేలిక. పెద్దాయన మొహం మాడిపోయింది. ఆ వైపు వాళ్ళు కొండ వాగుని గెడ్డ అంటారు.

"గెడ్డ ఎంట దిగిపోనాడు బాబూ. ఎందుకలా దిగిపోనాడు? సిన్నపిల్లలు కూడా గెడ్డ ఎంట దిగరే! ఇది ఊరికి పోదు, లోయలోకి దూకెస్తది."

ఎందుకు దిగాడో నాకు తెలుసు. ఆ ఊట కొండ మీద ఊట కాదు వాడికి. అది పిల్ల కాలవ. పిల్ల కాలవ పెద్ద కాలవలో కలుస్తుంది, పెద్ద కాలవ మీద లాకులుంటాయి, లాకుల దగ్గర మనుషులుంటారు. పుట్టిన దగ్గర్నుంచి నీళ్ళు వాణ్ణి ఇంటికే తీసుకెళ్ళాయి. పైగా పద్దెనిమిదేళ్ళుగా నేను ప్రతి ఏడూ అదే మాట అరిపించాను. పెద్దాయనకి ఏమీ చెప్పలేదు. పేలిక తర్వాత పేలిక పట్టుకుని, బురదలో జారుతూ, రాళ్ళు పట్టుకుని దిగాం. మనిషి కంటి ఎత్తులో, ఒకదాని నుంచి చూస్తే ఇంకోటి కనబడేలా, ఎంత శ్రద్ధగా కట్టాడో. ఎవరో ఒకరు వస్తారనే నమ్మకంతో కట్టాడు. అన్నేళ్ళు విప్పడమే పనిగా ఉన్నవాడు మొదటిసారి కట్టిన పేలికలవి. దిగుతున్నంతసేపూ నాకు ఏడుపు ఆగలేదు.

చివరి పేలిక దగ్గర గెడ్డ అంచు దాటి కిందికి పడుతోంది. ఆ అంచుకి కాస్త కింద, పక్కగా, మంచం అంత చోటులో మా వాడు కూర్చుని ఉన్నాడు. కుడి కాలు మోకాలి కింద వంకరగా పడి ఉంది. తాడు ఒక కొస నడుముకి, ఒక కొస చెట్టు మొదలుకి కట్టుకున్నాడు. ఆ తాడే లేకపోతే వాడు ఉండేవాడు కాదు. పెదాలు నల్లగా అయిపోయాయి. నన్ను చూడగానే లేవబోయాడు. అటెండరు కదా, నేను వస్తే లేవడం అలవాటు.

"కాలవ వెంటే వచ్చానండి పీడీ గారూ" అన్నాడు. తప్పు చేసినవాడిలా అన్నాడు. "ఊరు రాలేదండి."

నేను వాడి తల నా పొట్టకి ఆనించుకుని అలాగే ఉండిపోయాను. ఏమన్నా అన్నానేమో గుర్తులేదు. నేనే పంపాను, నాదే తప్పు అని మాత్రం అనలేదు. అది బాగా గుర్తు.

ఊరివాళ్ళు డోలీ కట్టి మోశారు. విశాఖపట్నంలో ఆపరేషను. కాలు నిలిచింది గాని లోపల రాడ్డు పడింది, పొట్టిదైంది. నేను బందరు తిరిగొచ్చాక ప్రిన్సిపాలు గారు గదిలోకి పిలిచారు. మంచాయనే. కొండలంటే నాకెంత ప్రాణమో తెలిసినాయన.

"పీడీ గారూ, కమిటీ వాళ్ళకి ఒక్క ముక్క రాసివ్వండి. పెద్దది చెయ్యొద్దు. జరిగింది రాయండి చాలు" అన్నారు.

జరిగిందే రాశాను. ‘అటెండరు మరిచిపోయిన తాడు కోసం వెనక్కి వెళ్ళి, పొగమంచులో దారి తప్పి, కాలు జారి పడ్డాడు.’ ఒక్క అక్షరం అబద్ధం లేదు. మరిచిపోయాడు, వెళ్ళాడు, తప్పాడు, పడ్డాడు. అన్నీ వాడే చేశాడు. నేను ఆ వాక్యంలో ఎక్కడా లేను. కమిటీ వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి వాణ్ణి అడిగారట. "తాడు కోసం వెళ్ళానండి" అన్నాడట. ఎవరు పంపారని వాళ్ళు అడగలేదు, వాడు చెప్పలేదు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ట్రెక్కులు మాత్రం ఆపేశారు.

వాణ్ణి లైబ్రరీలో కూర్చునే పనిలో వేశారు. కుంటుకుంటూ వచ్చేవాడు. వరండాలో ఎదురైతే "నమస్కారమండి" అనేవాడు, "ఎలా ఉంది కాలు?" అనేవాణ్ణి. "బాగానే ఉందండి" అనేవాడు. మా మధ్య పోట్లాట లేదు. పోట్లాట ఉంటే బాగుండేది, ఎప్పుడో ఒకప్పుడు తీరేది. రోజూ సాయంత్రం గ్రౌండు ఖాళీ అయ్యాక స్టోరు గదిలో కూర్చుని, గుడారాలు విప్పి ఆరబెట్టి మళ్ళీ మడతపెట్టేవాణ్ణి. అవి తడిసి చాలా ఏళ్ళయింది. రిటైరైన రోజు మూడు శాలువాలు కప్పారు. వాడు వచ్చి దూరంగా నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత నాలుగేళ్ళకి వాడూ రిటైరై ఊరికి వెళ్ళిపోయాడని ఎవరో చెప్పారు.

ఇప్పుడు నేనుండేది బందరులో మేడ మీద ఒక పోర్షను. పొద్దున లేచి నడుస్తాను, నేల చదునుగా ఉంటుంది, ఎవరూ వెనక రారు. ఒంటరితనం అలవాటైపోతుందని చాలామంది అంటారు. నాకైతే ఇంకా కాలేదు. ఆ క్లబ్బు అమ్మాయికి అబద్ధం చెప్పిన మర్నాడు కూడా నడిచాను. వారం రోజులు నడిచాను. ఎనిమిదో రోజు అవనిగడ్డ బస్సెక్కి మోపిదేవిలో దిగాను. గుడి దగ్గర జనం, కొబ్బరికాయల బళ్ళు. అవి దాటి కాలవ గట్టెక్కి, వాడి ఊరి పేరు అడుగుతూ అరగంట నడిచాను.

వాకిట్లో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని వల అల్లుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, కర్ర అందక మళ్ళీ కూర్చున్నాడు.

"పీడీ గారా! ఇంత ఎండలోనా? రండి రండి."

నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట మింగేస్తానని తెలుసు. "ఒక మాట చెప్పడానికొచ్చాను. ఆ రోజు నువ్వు వెళ్ళలేదు. నేను పంపాను. పేలికలు లేవని తెలిసి ఉండాల్సింది నాకు. రిపోర్టులో నా పేరు దాచుకున్నాను" అన్నాను.

వాడు వల పక్కన పెట్టాడు. నవ్వాడో లేదో గాని మొహం కాస్త మెత్తబడింది. "నాకెందుకు చెప్తారండీ? నేనక్కడే ఉన్నాగా. నాకు తెలీందేముంది?" అన్నాడు. లోపలికి చూశాడు. "చెప్పాలనుకుంటే మా ఆవిడకి చెప్పండి. వస్తంది, టీ పెడతంది."

ఆవిడ రెండు గ్లాసులు పట్టుకొచ్చింది. నన్ను గుర్తుపట్టి కొంగు సర్దుకుంది. ఆవిడకి చెప్పడం వాడికి చెప్పడం కన్నా కష్టమైంది. "అమ్మా, ఆ రోజు కొండ మీద తాడు కోసం ఆయనంతట ఆయన వెళ్ళలేదు. నేను కేకలేసి పంపాను. తోడు వెళ్తానన్న పిల్లని కూడా ఆపాను" అన్నాను.

ఆవిడ నన్ను చూడలేదు. మొగుణ్ణి చూసింది. "నిజమేనా?"

"పోనిద్దూ."

"పోనియ్యటమేంటయ్యా! ముక్క తాడు కోసం కాలు పోగొట్టుకున్న తెలివితక్కువోడివని ఎన్నిసార్లన్నాను నిన్ను! మా అన్నయ్యల ముందు అన్నాను. పిల్లల ముందు అన్నాను. పదమూడేళ్ళ నుంచి అంటానే ఉన్నాను. ఒక్కసారి నోరిప్పలేదేం నువ్వు?"

వాడు వల మీద వేళ్ళు ఆడిస్తూ అన్నాడు, "పీడీ గారు చెప్తారేమో అనుకున్నా."

ఆవిడ ఒక గ్లాసు వాడి పక్కన పెట్టింది. రెండోది నా చేతికిచ్చింది. "టీ తాగండి. చల్లారిపోద్ది" అని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

మేమిద్దరం టీ తాగాం. ఒక ఏడు మంచులో బూటు పోగొట్టుకుని ఏడ్చిన పిల్లాడు ఇప్పుడు పోలీసు ఇన్‌స్పెక్టరయ్యాడని చెప్పాను. "వాడా!" అని ఆశ్చర్యపోయాడు. బస్సు టైమైందని లేచాను. వద్దన్నా వినకుండా కర్ర తీసుకుని తూము దాకా వచ్చాడు. గట్టు సన్నంగా ఉంది, అయినా ఇద్దరం పక్కపక్కనే నడిచాం. ఎన్నో ఏళ్ళు కలిసి తిరిగాక మొదటిసారి పక్కపక్కన నడిచింది ఆ వంద అడుగులే. వాడి అడుగుకి నా అడుగు కలపడానికి నేను ఆగి ఆగి నడవాల్సొచ్చింది. తూము దగ్గర నిలబడిపోయాడు.

"ఇంక నేను రాలేనండి. కాలు లాగుద్ది. ఇలా కాలవ వెంటే వెళ్ళిపోండి" అన్నాడు.

సరేనన్నాను. మళ్ళీ వస్తానని అనబోయి, అనకుండా బయల్దేరాను. మలుపు తిరిగాక, పాత అలవాటు కొద్దీ, వెనక నుంచి పొడుగు విజిలు వినపడుతుందేమోనని కాసేపు ఆగాను. తూములోంచి నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కాలవ వెంట నడిచాను. ఊరొచ్చింది.